తలగడ తిరగేసేదాకా

పోయిన నెల మా తోడల్లుడికి ఒంట్లో బాగాలేదంటే చూడటానికి గుంటూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. నోట్లో గొట్టం, గొట్టం చివర మెషీను, మెషీనుకి తెర, తెర నిండా పచ్చగీతలు. దానికున్నన్ని మీటలు మాచర్ల రైలింజనుకి కూడా ఉండేవి కావు. కుర్ర డాక్టరొకాయన వచ్చి తెర చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ తెర చూశాడు. మంచం మీద ఒక మనిషి కూడా ఉన్నాడన్న సంగతి ఎవరూ ఆయన దృష్టికి తెచ్చినట్టు లేదు.

"రేపు పొద్దున గొట్టం తీసేయొచ్చండీ," అన్నాడు.

"తలగడ తిరగేసి చూశారా?" అన్నాను.

ఈయన్ని కూడా చేర్చుకుంటే ఏ వార్డులో పడేయాలా అన్నట్టు నన్ను ఎగాదిగా చూశాడు.

ఆయన తప్పేమీ లేదు. తలగడ తిరగేసే మనిషి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన బతికున్నంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కథ చెప్పకుండా ఉండటం నాకు పథ్యం కన్నా కష్టం. అయినా ఉన్నాను. ఇప్పుడిక చెప్పొచ్చు.

ఎనభైల్లో, మా వైపు పత్తి తీతలు మొదలైన రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్ళు. మా ఊరు నరసరావుపేటకి కూతవేటు దూరం. కూతవేసేవాడి గొంతు మంచిదైతే పది మైళ్ళు. నేల మీద చాప వేసుకుని పడుకున్నవాణ్ణి కట్లపాము కరిచింది. కట్లపాము చాలా మర్యాదస్తురాలు. కరిచేటప్పుడు నిద్ర కూడా లేపదు. తెల్లారి కడుపులో నొప్పి అంటే మా అమ్మ వాము నీళ్ళు తాగించింది. కాసేపటికి నా రెప్పలు వాలిపోయాయి.

"రాత్రి యాడ తిరిగొచ్చావురా, కళ్ళు మూతలు పడతన్నాయి?" అని తిట్టింది.

జవాబు చెప్పబోతే నాలుక కదల్లేదు. అది చూసి మా అమ్మ గుండెలు బాదుకుంది. నేను పుట్టిన దగ్గర్నుంచీ అలాంటి సంఘటన ఆమె ఎరగదు. చాప దులిపితే పాము బయటపడింది. దాని పొడుగు మా అమ్మ లెక్కలో మూరెడు, మా బాబాయి లెక్కలో ఆరడుగులు. నేను ఊరూరా చెబుతూ వచ్చి ప్రస్తుతానికి ఇరవై అడుగుల దగ్గర ఆపాను.

ట్రాక్టరు మీద పేటలో ఒక నర్సింగుహోముకి చేర్చేసరికి నా ఒంట్లో పనిచేస్తున్నవి మూడే: గుండె, బుర్ర, చెవులు. మిగతా శాఖలన్నీ సమ్మె చేశాయి.

ఆ నర్సింగుహోములో అప్పటికి మెషీను లేదు. ఒక రబ్బరు బుడ్డ ఉండేది. గొంతులోకి గొట్టం దింపి, దాని చివర బుడ్డ తగిలించి, ఒక మనిషి పక్కన కూర్చుని చేత్తో పిసుకుతూ ఉండాలి. పిసికినంతసేపూ రోగి, ఆపితే శవం. విషం దిగి ఛాతీకి మళ్ళీ సత్తువ వచ్చేదాకా అదే పని. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. గొట్టం ఒక పూట ముందు తీస్తే మనిషి ఊపిరందక పోతాడు. నాలుగు రోజులు ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్లో చీము పట్టి పోతాడు. ఎప్పుడు తియ్యాలి? దీనికి జవాబు డాక్టరు చదివిన పుస్తకాల్లో ఉందో లేదో గానీ, పరుపులు కుట్టే ఒక దూదేకుల సాయిబు చేతుల్లో మాత్రం ఉండేది.

ఆయన ఆ ఆసుపత్రికి పరుపుల్లో దూది మార్చడానికి వచ్చాడట. ఏకిన దూది ఇంకా కుక్కనే లేదు, పురుగుమందు కొట్టి పడిపోయిన ఒక రైతుకి బుడ్డ పిసుకుతున్న బావమరిది కాస్తా కళ్ళు తిరిగి తనూ పడిపోయాడు. ఆ గదిలో ఖాళీగా ఉన్న చేతులు ఈయనవే. డాక్టరు బుడ్డ తెచ్చి వాటిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళు దూది ఏకే విల్లు మీద ఒకే ఊపున కొయ్య ఆడించిన చెయ్యి అది. తడబడలేదు. ఆ రైతు బతికాడు. పరుపుల పని పూర్తయినా ఈయన ఇంటికి పోలేదు. పోతే తలుపు తీసేవాళ్ళెవరూ లేరు.

ఆయన మాట్లాడడని పేటంతా తెలుసు. దూది ఏకేటప్పుడు పీచు నోట్లోకి పోకుండా మూతికి గుడ్డ కట్టుకుంటారు. ఈయన గుడ్డ విప్పాక కూడా నోరు విప్పడం మరిచిపోయేవాడు. టీ కావాలంటే వేలు, చాలంటే అరచెయ్యి. ఏడాది మొత్తానికి ఆయన వాడే మాటలు నేను ఒక పెళ్ళి భోజనంలో రెండో వడ్డన లోపు వాడేస్తాను. అలాంటి మనిషి నా చెవి పక్కన కూర్చుని నాలుగు రోజులు ఏకధాటిగా మాట్లాడాడు.

ఎందుకంటే నాకు వినపడదని నమ్మాడు. డాక్టరు నా రెప్పలెత్తి, టార్చి వేసి చూసి, "స్పృహ లేదమ్మా," అని మా అమ్మతో చెప్పాడు. ఆ మాట నేను శుభ్రంగా విన్నాను. కాదని చెప్పడానికి కనుబొమ కూడా కదల్లేదు.

ఆయన మొహం నాకు తెలియదు. పాత దూది వాసన, దానిలో కాస్త వక్కపొడి, తలాపున బుస్సుమనే బుడ్డ, గొంతు. అంతే మనిషి.

"నీకు ఇనపడదులే అబ్బాయ్," అన్నాడు మొదటి రోజే. "అదే మంచిది. ఇనపడేవోళ్ళతో నాకు మాటలు రావు."

కాసేపు పిసికాడు.

"నాకో పెళ్ళాముంది. మాచర్లలో, వాళ్ళన్న ఇంట్లో. పోయి పదకొండేళ్ళయింది. నేను కొట్టలా, తిట్టలా. మాట్టాడలా. అంతే. 'నోట్లో దూది కుక్కుకున్నావా, గోడతో ఎన్నాళ్ళు కాపురం చెయ్యను' అని పోయింది. అబద్ధమేమన్నా చెప్పిందా? లేదుగా!"

ప్రతి శుక్రవారం పత్తి బేరమని చెప్పి ఆయన మాచర్ల రైలెక్కేవాడట. ఆ రైలు నడక ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దిగి పక్క చేలో నాలుగు కందికాయలు కోసుకుని మళ్ళీ అదే పెట్టె ఎక్కొచ్చు. మాచర్లలో దిగి, బావమరిది ఇంటికి ఎదురుగా ఉన్న టీ బంకులో కూర్చుంటాడు. ఆమె బిందెతో పంపు దగ్గరికి వస్తుంది. నింపుకుని పోతుంది. ఈయన లేచి తిరుగు రైలెక్కుతాడు. పదకొండేళ్ళుగా ఇదే. ఏం మాట్లాడాలో తెలియక. అందుకని నా మీద సాధన మొదలుపెట్టాడు.

"నువ్వు ఆమె అనుకో. నేను బంకులోంచి లేచొచ్చా. నువ్వు బిందె కింద పెట్టావు. ఏమే, బాగుండావా?... ఛ, పోలీసోడు అడిగినట్టుంది. ఉండుండు. ఏమే, బాగుండావా?... ఇది మరీ ఏడుపు. ఇంతకీ నువ్వేమంటావ్?"

నేనేమంటాను? నిండుగా మీసాలున్న బ్రహ్మచారిని, నాలుగు రోజులు ఆ మహానుభావుడికి ఇల్లాలిగా ఉన్నాను. పలకడం లేదంటే అలిగాననుకుని బతిమాలాడు కూడా. ఆ తర్వాత నాకు పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా ఆవిణ్ణి నేను అంత బాగా బతిమాలలేకపోయాను.

ఆయన అన్నానికి లేచినప్పుడు మా పెదనాన్న కొడుకు బుడ్డ పట్టేవాడు. మంచివాడే. నిమ్మకాయ పిండినట్టు పిసికేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఆ అరగంట గురించి పెంచి చెబుదామన్నా నాకు చేతకావడం లేదు. కళ్ళు మూసుకుపోయి, ఒళ్ళంతా చచ్చి, పక్కనున్న మనిషి మాటా పలుకూ లేకుండా గాలి పంపుతుంటే, గోతిలో పూడ్చేసి పైనుంచి గొట్టంతో ఊపిరి వదులుతున్నట్టే ఉంటుంది. బతికే ఉన్నానా అని నాకే అనుమానం వచ్చేది. వరండాలో ఆయన చెప్పుల చప్పుడు వినపడేది. బుడ్డ చేతులు మారేది. "ఆ, యాడిదాకా వచ్చాం?" అనేవాడు. నేను మళ్ళీ మనుషుల్లో పడేవాణ్ణి.

నాలుగో రోజు మధ్యాహ్నం నా కాలి బొటనవేలు కదిలింది. ఎవరూ చూడలేదు. సంతోషించే తీరిక నాకూ లేదు, సరిగ్గా అప్పుడే కథ గట్టి చోటికి వచ్చింది.

"పోయిన శుక్రవారం ఏమైందో చెప్పలా గదా నీకు? ఆమె బిందె నింపి చంకనెత్తుకుంది. నాలుగడుగులేసింది. ఆగింది. బిందె దించింది. దించి, ఇటు తిరిగి, బంకు కేసి చూసింది. చూసి..."

వేలు కదపడం ఆపేశాను. తెలివొచ్చినవాళ్ళతో ఆయన మాట్లాడడని ఆయాలు చెప్పుకోగా విన్నాను. ప్రాణం ఏమైపోయినా సరే, ఆమె ఏమందో వినాల్సిందే అనుకున్నాను. వేలు దాచగలిగాను గానీ ఊపిరి దాచలేకపోయాను. ఆ ఆత్రానికి నా ఛాతీ దానంతటదే ఇంత గాలి లాగింది.

బుడ్డ ఆయన చేతిలో ఆగిపోయింది.

"ఎదురొచ్చింది," అన్నాడు. దూదిలో చిన్న గింజ మిగిలినా ఏకేవాడి చేతికి తెలుస్తుందట. బుడ్డలోకి రోగి సొంత ఊపిరి ఎదురొస్తే ఈయనకి అలాగే తెలిసేది. "చెల్లెమ్మా! మీవాడికి ఎదురొచ్చింది!"

మా అమ్మ పరిగెత్తుకొచ్చి ఏడ్చింది. ఆయన గొంతు మారిపోయింది. గుడ్డ మూతికి కట్టేసుకున్నాడని అర్థమైంది. ఆ వాక్యం "చూసి" దగ్గరే ఉండిపోయింది.

అక్కణ్ణుంచి ఆయన నోట ఒకటే మాట. "ఒకటి నాది, ఒకటి నీది." ఒకసారి పిసికి ఆగేవాడు. తర్వాతది నేను లాక్కోవాలి. నేను లాగకపోతే కాసేపు చూసి, అరువిచ్చినట్టు ఇంకోటి పంపేవాడు. చీకటిపడే వేళకి ఒకటి ఆయనది, మూడు నావి అయ్యాయి.

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, "ఊపిరి బాగుంది, గొట్టం తీసేద్దాం," అన్నాడు. నాకు రెప్పలు సగం తెరుచుకున్నాయి. మూతికి గుడ్డ కట్టుకున్న బక్క మనిషి అడ్డంగా తలూపడం కనిపించింది.

"తలగడ తియ్యలా ఇంకా," అన్నాడు.

"ఏందయ్యా నీ తలగడ గోల? డాక్టరు నువ్వా, నేనా?"

"మీరే సార్. ముప్పాళ్ళాయనకి కూడా మీరే."

డాక్టరు చల్లబడ్డాడు. ముప్పాళ్ళ నుంచి వచ్చిన ఒక రైతుకి అలాగే ఊపిరి బాగుందని గొట్టం తీశారట. మధ్యాహ్నం మజ్జిగ తాగినవాడు సాయంత్రానికి మెడ వాల్చేశాడు, ఊపిరి ఆగింది, పరుగుల మీద మళ్ళీ గొట్టం దింపారు. అప్పుడు సాయిబు ఒక సంగతి పట్టుకున్నాడు. ఇలాంటి రోగుల్లో మెడ నిలబడని వాడి ఊపిరిని నమ్మకూడదు.

పరీక్ష ఇదీ. రోగి తలెత్తాలి. ఎత్తగానే ఆయన తలగడ లాగేస్తాడు. లాగి, పరుపులవాడి అలవాటు కొద్దీ దూది ఎక్కడెక్కడ ఉండ కట్టిందో వేళ్ళతో తడుముతాడు. ఉండలు చిదిపి, మూలలు సర్ది, రెండు చరుపులు చరిచి, తిరగేసి, మళ్ళీ తల కింద పెడతాడు. అంతసేపూ తల గాలిలో నిలబడాలి.

నేను ఎత్తాను. తలగడ పోయింది. ఉండలు తడిమే దగ్గరే నా తల పరుపు మీద దబ్బున పడింది.

"ఇయ్యాల కాదు," అన్నాడు.

"అన్నయ్యా, ఎత్తాడు గదయ్యా పిల్లోడు!" మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ గొట్టంతో నరకం పడతన్నాడు. తీపించయ్యా, నీకు పుణ్యముంటది."

"ఇయ్యాల తీస్తే రేపు మళ్ళీ దింపాలి చెల్లెమ్మా. అప్పుడు దిగుద్దో, అందాక ఉంటాడో."

మా అమ్మ ఆయన చెయ్యి వదిలేసింది. ఆ రోజంతా ఆయన పక్కనే కూర్చున్నాడు. ఒకటి నాది, మూడు నీవి.

తర్వాతి రోజు మళ్ళీ ఎత్తాను. కొండవీడు కోటని బురుజులతో సహా నెత్తిన పెట్టుకున్నట్టుంది. ఆయన తలగడ లాగాడు. దానిలో ఆ పూట ఉన్నన్ని ఉండలు పల్నాటి పత్తి మొత్తంలో ఉండవు. ఒక్కొక్కటీ వెతికి, పలకరించి, చిదిపాడు. ఒక మూల సర్దాడు. నచ్చక మళ్ళీ సర్దాడు. నా మెడ నరాలు విల్లు నారిలా మోగుతున్నాయి. మా అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఒక చరుపు. రెండో చరుపు. తిరగేశాడు. చల్లగా తల కింద పెట్టి, డాక్టరు వైపు అరచెయ్యి చూపించాడు. చాలు.

గొట్టం తీశారు. దగ్గాను, కక్కాను, ఏడ్చాను. మా వాళ్ళంతా మంచం చుట్టూ కమ్ముకున్నారు. ఆ భుజాల సందులోంచి చూస్తే, ఆయన కుళాయి దగ్గర మాకు వీపు పెట్టి బుడ్డ కడుక్కుంటున్నాడు.

పది రోజుల తర్వాత మా అమ్మా నేనూ కందిపప్పు మూట కట్టుకుని ఆయన్ని చూడ్డానికి వెళ్ళాం. వరండాలో గుడ్డ మెడకి వేలాడేసుకుని తలగడ కుడుతున్నాడు. పక్కనే ఇద్దరు ఆయాలు కూర్చున్నారు. మా అమ్మ దణ్ణం పెట్టింది. తలూపాడు. నేను అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ నాలుక తిరిగొచ్చి పది రోజులే అయింది, దానికి పని కావాలి. నలుగురూ నవ్వాలని గొంతు పెంచి అడిగాను.

"బాబాయ్, ఆమె బిందె దించి ఇటు చూసింది గదా, చూసి ఏమంది? 'ఏమే, బాగుండావా' అన్నావా, లేదా?"

సూది ఆగింది.

"ఎవురు చెప్పారు నీకు?"

"నువ్వే గదా, నాలుగు రోజులూ!"

"ఇనపడిందా?"

"అంతా."

"ఎవరామె సాయిబూ?" అని ఆయాల్లో ఒకామె పకపకా నవ్వింది.

ఆయన తిట్టలేదు. మెడలో గుడ్డ పైకి లాక్కుని మూతికి కట్టుకున్నాడు. ముడి బిగించి, ఇంకోసారి బిగించి, తలగడలోకి సూది గుచ్చాడు. వచ్చేటప్పుడు చూస్తే కందిపప్పు మూట పెట్టిన చోటే ఉంది.

నెల తర్వాత గొంతు బొంగురు తగ్గక మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. అప్పుడు నవ్విన ఆయా ఈసారి నవ్వలేదు.

"ఆ రోజు నించీ సాయిబు శుక్రవారం రైలు మానేశాడు బాబూ. మంచం కాడ గొణుక్కుంటా ఉండేవాడా, అదీ లేదు. బుడ్డ పిసుకుతాడు, అంతే. చూస్తే భయమేస్తంది."

తలుపు దగ్గర నిలబడి చూశాను. గురజాల వైపు నుంచి తెచ్చిన ఒక రైతు. కట్లపామే, మూడో రోజు. రెప్పలు వాలిపోయి, శవంలా ఉన్నాడు. పక్కన ఆయన, మూతికి గుడ్డ. బుడ్డ బుస్సుమంటోంది, ఆగుతోంది, బుస్సుమంటోంది. ఆ గదిలో అంతకు మించి చప్పుడు లేదు. మంచం మీదివాడు ఎక్కడున్నాడో నాకు తెలుసు. నేను అరగంటలు మాత్రమే ఉన్న చోట అతను మూడు రోజుల నుంచీ ఉన్నాడు. అక్కడికి పంపింది నేను.

ఆయన అన్నానికి లేచేదాకా ఆగి, కుళాయి దగ్గర పట్టుకున్నాను.

"బాబాయ్, ఆ రోజు నేను అబద్ధమాడా. నాకేం ఇనపడలా."

చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు.

"మా బావ మాచర్లలో ఉంటాడు. బంకులో కూచుని పంపు కేసి చూస్తా ఉంటావని చెప్పాడు. మిగతాది నేనల్లా. పంపన్నాక బిందె ఉంటది. బిందెన్నాక దించుతారు. పెళ్ళాం కనపడితే ఏ మొగుడైనా 'బాగుండావా' అనేగా అడిగేది? కథలల్లే రోగం నాకు చిన్నప్పట్నించీ ఉంది, మా అమ్మనడుగు."

"నాలుగు రోజులూ నేనే చెప్పానంటివే?"

"కోతలు కోశా. శవంలాగా పడున్నా బాబాయ్. చెవిలో శంఖం ఊదినా తెలవదు."

"ఒట్టు?"

"మా అమ్మ మీదొట్టు."

"ఆమె చల్లంగుండాల. ఆమె మీదొద్దు."

"అయితే ఆ పాము మీదొట్టు."

గుడ్డ వెనక ఏదో కదిలింది. నవ్వో దగ్గో తెలియలేదు. "ఎదవ," అన్నాడు. ఇన్నేళ్ళలో నేను ఉన్నదాన్ని తగ్గించి చెప్పింది ఆ ఒక్కసారే.

అన్నం తిన్నాడు. లోపలికి వెళ్ళి బుడ్డ అందుకున్నాడు. నేను తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. బుస్సుమంది, ఆగింది, బుస్సుమంది. చాలాసేపు అంతే. నమ్మలేదనుకుని కదలబోతుండగా గొంతు వినపడింది, నెలపాటు వాడని తలుపులా కిర్రుమంటూ.

"గురజాలాయనా, ఇందాక వచ్చినోడు ఉండాడే, వాడంత అబద్ధాలకోరు ఈ జిల్లాలో లేడు. మెడ మాత్రం మంచి మెడ." బుడ్డ మళ్ళీ బుస్సుమంది. "నీకు ఇనపడదులే. అదే మంచిది. నాకో పెళ్ళాముంది. మాచర్లలో..."

మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ఇంకో గంట నిలబడితే ఆమె బిందె దించుతుంది, ఇటు తిరుగుతుంది, చూస్తుంది. ఆ ఒక్క వాక్యం కోసం నెల కింద నేను ప్రాణం కూడా లెక్కచెయ్యలేదు. తలుపు పక్కన ఒక బల్ల ఖాళీగా ఉంది. కూర్చోమంటున్నట్టే ఉంది.

కూర్చోలేదు. మెట్లు దిగి బస్టాండు వైపు నడిచాను.

గురజాల రైతు ఆరో రోజున తలెత్తి, తలగడ తిరగేసేదాకా నిలబెట్టాడని తర్వాత తెలిసింది. ఆమె చూసి ఏమందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రైతుకి తెలుసు.